మునెమ్మ ఇంటికి ఆఫీసు తలుపు

మా మనవరాలు టౌన్ ప్లానింగ్ చదివి ఈమధ్యనే ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికే ఫోను చేసి, "అవ్వా, నువ్వు ఆ ఆఫీసులో అన్నేండ్లు చేసినావు గదా, పని ఎట్లుంటాదో చెప్పు. మా ఫ్రెండ్స్‌కు గూడా చెప్తాను" అంది. ఫోనులో చెబితే వినేవాళ్ళు మధ్యలో లేచి పోతారు. అందుకని రాస్తున్నాను. పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్లగా ఉంది. దానిమీద రాస్తే ఎవరి సొమ్మూ పోదు.

నేను చదివింది నాలుగో తరగతి, బేతమంగళ దగ్గర మా ఊరి బడిలో. ఐదుకు పోయేలోపల ఇంట్లో పట్టుపురుగులకు ఆకు కోసే చేతులు తక్కువయ్యాయి. కన్నడ అక్షరాలు పెళ్ళయి బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటకు వచ్చాక, అంగళ్ళ బోర్డులు చూసి నేర్చుకున్నాను. మా ఆయన మున్సిపాలిటీలో గుమాస్తా. ఆయన పోయాక నాకు అక్కడే ఉద్యోగం ఇచ్చారు. ఆయన కుర్చీ ఇవ్వలేదు, ఆ కుర్చీ తుడిచే పని ఇచ్చారు. అటెండరు. ప్లానింగ్ సెక్షన్లో మ్యాపులు మోశాను, టేపుకు రెండో కొస పట్టుకున్నాను, టీ తెచ్చాను. తెచ్చిన టీ చల్లారిపోతే మళ్ళీ కాచి ఇచ్చాను తప్ప పారబోయలేదు.

ప్రమోషన్ల సంగతి అడగొద్దు. అటెండరుకు ప్రమోషనంటే కొత్త చీపురు.

ఊరు ఎట్లా కట్టాలో మీ పుస్తకాల్లో ఉంటుంది. కట్టేసి ఉన్న ఊరిని మ్యాపులోకి ఎక్కించేటప్పుడు ఏమవుతుందో నేను చెబుతాను.

పచ్చ పెన్సిలు

మా సెక్షన్‌కు పెద్ద మూర్తిసారు. మంచి మనిషి. లంచం ముట్టరు, కోపం తెచ్చుకోరు, ఎండ ఎక్కేదాకా ఆఫీసుకూ రారు. ఆయనకు ఉన్నది ఒకటే జబ్బు, పచ్చ పెన్సిలు. మ్యాపులో ఒకచోట ఏముందో తెలియకపోతే అక్కడ పచ్చరంగు వేసేవారు. పచ్చ అంటే పార్కు, పచ్చ అంటే నడకదారి. పైవాళ్ళు చూసి "ఎంత పచ్చగా ఉంది ఊరు" అని మెచ్చుకునేవాళ్ళు. మా ఊళ్ళో గాలి లేస్తే గనుల బూడిద దిబ్బల నుంచి దుమ్ము వచ్చి అన్నం గిన్నెలో పడుతుంది. మ్యాపులో మాత్రం మేం కాశ్మీరు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"సారూ, ఈడ పచ్చ వేసినారే, ఈడ ఏముండాది?"

"ఏమీ లేదు ఆంజినమ్మా. ఖాళీ."

"పోయి చూసినారా?"

"ఖాళీని చూసేదానికి పోవాల్నా అమ్మా?"

తప్పు మాటలన్నీ ఇట్లాగే నున్నగా ఉంటాయి. మీకు మొదటి మాట ఇదే చెబుతున్నాను. మ్యాపులో పచ్చ కనబడితే సంతోషపడకండి, చెప్పులు వేసుకుని బయలుదేరండి.

ఊరు దొరికింది

పెద్ద పెద్ద ఊళ్ళకు స్మార్ట్ సిటీ అని పేర్లొచ్చిన కాలం. మా ఊరికి ఆ పేరు రాలేదు, ఆశ మాత్రం వచ్చింది. ఏదో పథకం కింద గనుల కాలనీలు బాగుచేయాలన్నారు. నడకదారి, సోలారు దీపాలు, ఫోనులో ఊరంతా కనబడే మ్యాపు. ఆ పనికి బెంగళూరు నుంచి కిరణ్ అనే అబ్బాయిని పంపించారు. కొత్తగా చదువు ముగించినవాడు, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. వీపుకు సంచి, చేతిలో ట్యాబు. నాలుగు ఇడ్లీ పెడితే రెండు వదిలేసేవాడు. అది తప్పితే బుద్ధిమంతుడే.

రోజూ పొద్దెక్కాక బెంగళూరు బస్సు దిగి, ఎండ తగ్గకముందే తిరిగి ఎక్కేవాడు. ఆ మధ్యలో నన్ను వెంటబెట్టుకుని కోరమండల్ అనే గనుల కాలనీ లైన్లలో ఇల్లిల్లూ తిరిగాడు. లైను అంటే కంపెనీ గని కూలీలకు వరసగా కట్టిన చిన్న చిన్న గదులు. యాడ చూసినా తాళమే. తలుపు కొట్టడం, తాళం చూడడం, ట్యాబులో నొక్కడం. మూర్తిసారు ఆ లెక్క చూసి, "గనులు మూసేసినాక జనం వెళ్ళిపోయినారు. అంతా ఖాళీ" అని పెన్సిలు కోసం చెయ్యి చాచారు.

ఇంతలో కిరణ్ మేనత్త కూతురి పెళ్ళి వచ్చింది. ముందురోజు పని పొద్దుపోయిందని ఇక్కడే ఉండి, తెల్లవారకముందే కోరమండల్ స్టేషన్లో రైలెక్కాడు. పెళ్ళి చూసుకుని తిరిగొచ్చిన మనిషి చొక్కాకు పై గుండీ లేదు. ఆఫీసు గడప దాటుతూనే అరిచాడు.

"అమ్మా, ఊరు దొరికింది!"

"యాడప్పా?"

"రైల్లో!"

మావాళ్ళంతా బెంగళూరులో పనులకు పోతారు. చీకటితో పోయి చీకటితో వస్తారు. ఈ సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. ఇల్లిల్లూ తిరిగేది తాళాలు లెక్కబెట్టడానికేమో అనుకున్నాను. ప్రభుత్వం ఇంతకంటే వింతవి లెక్కబెట్టగా చూశాను.

ఆపైన ఒక వారం కిరణ్ ఆ రైల్లోనే సర్వే చేశాడు. సీట్లకు చేతిగుడ్డలు వేసి పట్టుకునేవాళ్ళు, చిక్కుడుకాయలు ఒలిచేవాళ్ళు, పేకాడేవాళ్ళు, అందరూ ఇంటి వివరాలు చెప్పారు. చిక్కు ఒకటే. ఎవరిల్లు ఏదో తెలియదు. "మూడో లైను, వేపచెట్టు కాడప్పా. చెట్టు ఇప్పుడు లేదులే" అని చెబితే ట్యాబు ఏం రాసుకుంటుంది? అందుకని ఇంటింటికీ నంబరు బిళ్ళ కొట్టాలని తీర్మానం చేశారు. రేకు బిళ్ళ, దానిమీద చీమలు పాకినట్టు నల్లచుక్కల చదరం. ఫోను చూపిస్తే ఇల్లు ఎవరిదో చెబుతుందట. ఇంట్లోవాళ్ళు రైల్లో ఉంటారు కాబట్టి, మూసిన తలుపుకు బిళ్ళ కొట్టి, ఫోటో తీసుకుని వచ్చేయడమే.

రూలు చిన్నదే. తలుపుంటే ఇల్లు. తలుపు లేకుంటే ఇల్లు కాదు.

తలుపు లేని మనిషి

మునెమ్మ నాతో నాలుగో తరగతి చదివింది. నా పలక పగలగొట్టింది కూడా. గని పనివాణ్ణి చేసుకుని కోరమండల్ వచ్చింది. గనులు మూశాక కొన్నాళ్ళకు మొగుడు పోయాడు. లైను గదిలో మరుదుల సంసారాలు పెరిగి ఆమెకు కాలు చాపే చోటు లేకపోతే, లైను చివర ఎండిపోయిన కొళాయి షెడ్డులో చేరింది. ఒకప్పుడు ఆ కొళాయికి బేతమంగళ చెరువు నీళ్ళే వచ్చేవి. నీళ్ళు రావడం మానేశాక బేతమంగళ మనిషే వచ్చి అందులో కాపురం పెట్టింది. మూడు గోడలు, పైన రేకు, ముందు గోనెపట్టా, ఒక మేక.

మూర్తిసారు మ్యాపులో ఆ షెడ్డు పచ్చ. నడకదారి దాని మీదుగానే పోతుంది.

బిళ్ళలు కొట్టే మనిషి గోనెపట్టా ముందు నిలబడి తల గోక్కుని వెళ్ళిపోయాడు. మరుసటి దినం మునెమ్మ ఆఫీసుకు వచ్చి నా స్టూలు మీద కూర్చుంది.

"మే ఆంజినీ, అందరికీ బిళ్ళలు ఇచ్చినారు, నాకేల లేదు?"

"నీకు తలుపు లేదు గదమే."

"తలుపు లేకుంటే నేను యాడుండాను మరి? గాల్లోనా?"

"మ్యాపు ప్రకారం పార్కులో ఉండావు."

"ఇంగ ఆ పార్కుకు నేనెవురు? చెట్టా?"

కిరణ్ ట్యాబులోంచి తలెత్తి మెల్లగా చెప్పాడు. "అజ్జీ, బిళ్ళ లేని కట్టడాలన్నీ దారి వేసేటప్పుడు తీసేస్తారు. ఎట్లన్నా ఒక తలుపు పెట్టుకోండి. ఫోటో తీసి నేను ఎక్కిస్తాను."

బిళ్ళ ఉంటే ఇల్లు సొంతమవుతుందని లైన్లలో పుకారు లేచింది. నిజమో కాదో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. బిళ్ళ లేకుంటే ఇల్లే ఉండదన్నది మాత్రం అందరికీ తెలుసు.

అప్పుడు నాకు ఆఫీసు పెరడు గుర్తొచ్చింది. ఆఫీసర్ల లెట్రిన్‌కు ప్లాస్టిక్ తలుపు పెట్టి, పాత టేకు తలుపు పెరట్లో పడేశారు. "కట్టెలకు తీసుకుపో ఆంజినమ్మా" అని మూర్తిసారు ఎప్పుడో అన్నారు. చలికాలం నీళ్ళు కాచుకుందామని దాచుకున్నాను. టేకు చెక్క! మునెమ్మకు ఇచ్చాను. ఊరికే ఇవ్వలేదు. నా కరివేపాకు చెట్టుకు ఏడాదిపాటు మేక ఎరువు తెచ్చివ్వాలని మాట తీసుకున్నాను. ఊరికే ఇస్తే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ చెడ్డపేరు.

తలుపు మీద కన్నడంలో "శౌచాలయ, అధికారిగళిగె మాత్ర" అని పెద్ద తెల్ల అక్షరాలు ఉన్నాయి. శౌచాలయం, అధికారులకు మాత్రమే అని. ఆ రాత లోపలివైపు వచ్చేటట్టు బిగించాలని నేను ముందే అన్నాను. అట్లా బిగిస్తే గొళ్ళెం బయటికి వచ్చింది.

"ఒంటి ఆడదాన్ని, గొళ్ళెం బయట పెట్టుకుని లోపల పండుకునేదా?" అంది మునెమ్మ.

న్యాయమే. కొత్త గొళ్ళెం కొనాలి, లేదంటే రాత మీద రంగు కొట్టాలి. రెండూ దండగ. చదవడం వచ్చినవాళ్ళు ఆ దారిన పోరు, పోయినా చదవరు అని నేనే తేల్చాను. రాత బయటికి, గొళ్ళెం లోపలికి. బిళ్ళ కొట్టారు, ఫోటో తీశారు. కిరణ్ బిళ్ళను చూశాడు గానీ తలుపును చూడలేదు. వయసులో ఉన్న పిల్లలు ఏది మెరిస్తే దాన్నే చూస్తారు.

ఆయుధపూజ

గనులు నడిచే రోజుల్లో ఆయుధపూజ అంటే మా ఊరిదే. డ్రిల్లు మిషన్లకు, టోపీ దీపాలకు, లిఫ్టు బోనుకు, అన్నింటికీ విభూతి, కుంకుమ, బంతిపూలు. గనులు మూశాక పండగైతే వచ్చేది, పూజ చేయడానికి ఆయుధం ఉండేది కాదు. పాత టిఫిన్ డబ్బాకు బొట్టు పెట్టి ఊరుకున్నవాళ్ళను నేనెరుగుదును.

ఆ ఏడు బిళ్ళ దొరికింది.

లైన్లన్నింటిలో ఒక్క బిళ్ళ కూడా బొట్టు లేకుండా మిగలలేదు. మూడు వేళ్ళతో విభూతి, నడుమ కుంకుమ, పైన పూవు. ప్రతి గడపలో గుమ్మడికాయ. ఇంటికి ఆధారం అదే అన్నప్పుడు దండం పెట్టుకోకుండా ఎట్లా ఉంటారు?

పండగయ్యాక బిళ్ళలు తనిఖీ చేసే పిల్లలు వచ్చి ఫోన్లు చూపించారు. ఒక్క బిళ్ళా పలకలేదు. ఒక పిల్లవాడు తడిగుడ్డతో కుంకుమ తుడవబోతే ఆ ఇంటి ముసలమ్మ చీపురు తీసింది. ఇంక చేసేదిలేక, మీరు పంపిన ఫోటోలు చూసే రాసుకుంటాం అన్నారు బెంగళూరువాళ్ళు. ఎవరో ఒకరు అక్కడ చల్లని గదిలో కూర్చుని ఫోటోలు చూసి రాసేశారు. ఇల్లు, ఇల్లు, అంగడి, ఇల్లు. మునెమ్మ తలుపు దగ్గర ఆ మనిషి అక్షరాలు చదివాడు. చదవడం వచ్చినవాడు ఆ దారిన పోయాడన్నమాట, కాళ్ళతో కాకపోయినా.

ఫోను మ్యాపులో మునెమ్మ ఇల్లు శౌచాలయం అయింది. అధికారులకు మాత్రమే.

మొదట నవ్వొచ్చింది. తరవాత మునెమ్మ వచ్చింది, చేతిలో మేక తాడు, తాడు చివర మేక.

"మే ఆంజినీ! ఎవురో ఇద్దరు వచ్చి నా ఇంట్లో టేపు పట్టి కొలిచినారే! పొయ్యికాడ ఒకటి, దేవుని పటం కింద ఒకటి, రెండు కూసునేవి పెడ్తారంట. వచ్చేనెల లోపల సామాను తీసేయమన్నారు. నీ తలుపు తెచ్చిన భాగ్యం చూడు!"

"తలుపును ఏమీ అనొద్దు. అది టేకు."

"టేకైతే నువ్వే పెట్టుకోని ఉండాల్సింది!"

కిరణ్ ముఖం తెల్లబోయింది. ఆ రోజంతా బెంగళూరుకు ఫోన్లు చేశాడు. ఇల్లు అని మార్చాలంటే బిళ్ళను మళ్ళీ చూపించాలన్నారు. కుంకుమ కడిగి చూపిస్తే, బిళ్ళ కూడా మ్యాపులో రాసిందే చదివి శౌచాలయమనే చెప్పింది. మూర్తిసారు మాత్రం మెత్తగా నవ్వారు.

"కిరణ్, నడకదారి పక్కన టాయిలెట్. పైవాళ్ళకు ఎంత నచ్చిందో తెలుసా? ప్లాను మంజూరుకు పోయింది. దాన్ని కదిలించొద్దు."

"సార్, లోపల మనిషి ఉన్నారు."

"టాయిలెట్లో మనిషి ఉండడం సహజమే కదయ్యా."

ఈ మాట ఆయన తమాషాకే అన్నారు. అయినా నాకు కోపం వచ్చి ఆ పూట టీలో చక్కెర వేయలేదు.

పెద్దసారు, బకెట్

మంజూరు చేసే ముందు బెంగళూరు నుంచి పెద్దసారు స్థలం చూడడానికి వచ్చారు. తెల్లచొక్కా, తక్కువ మాట. మూర్తిసారు ఆయనకు ఇంట్లో భోజనం పెట్టించారు. రాగిసంగటి, నాటుకోడి పులుసు, మావైపు కారం. అలవాటు లేని కడుపుకు ఆ పులుసు పెట్టకూడదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

భోజనమయ్యాక కోరమండల్ లైన్ల వెంట నడిచాం. ముందు పెద్దసారు, వెనక మూర్తిసారు, కిరణ్, ఆ వెనక మ్యాపు చుట్ట పట్టుకుని నేను. మూర్తిసారు పచ్చదనం గురించి చెబుతూ ఉంటే పెద్దసారు నిలిచిపోయారు. నుదుటన చెమట. జేబులోంచి ఫోను తీసి ఆత్రంగా వెతకసాగారు.

"చూడు కిరణ్, సారు మన మ్యాపునే వాడుతున్నారు" అన్నారు మూర్తిసారు సంబరంగా.

పెద్దసారు ఉన్నట్టుండి వడివడిగా నడక మొదలుపెట్టారు.

"నడకదారి సారుకు బాగా నచ్చినట్టుంది!"

నాకు అర్థమైంది. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషిని, ఆ నడక నాకు తెలుసు. ఆయన నేరుగా మునెమ్మ తలుపు దగ్గరికి పోయి, పైనున్న అక్షరాలు చదివి, దేవుణ్ణి చూసినట్టు ఊపిరి పీల్చుకుని తలుపు తోశారు. లోపల గొళ్ళెం పెట్టి ఉంది. తట్టారు.

"ఎవురది?" అంది మునెమ్మ లోపలినుంచి.

"నేనమ్మా. ఆఫీసర్ని."

"ఏ ఆఫీసరప్పా?"

"ఏ ఆఫీసరైతేనేమమ్మా, బేగ తియ్యి!"

తలుపు తెరుచుకుంది. పొయ్యి మీద గిన్నె, మూల మేక, గోడకు దేవుని పటం. పెద్దసారు పొయ్యిని చూశారు, ఫోనును చూశారు, తలుపును చూశారు.

"ఇది టాయిలెట్ కాదా?"

"నా ఇల్లు సామీ. ఎండలో వచ్చినట్టుండారు, నీళ్ళు తాగేది లేదా?"

"నీళ్ళు వద్దమ్మా! మరి... నువ్వు యాడికి పోతావు?"

మునెమ్మకు అప్పుడు తెలిసింది. నవ్వలేదు. అందుకు ఆమెను మెచ్చుకోవాలి. మూలనున్న బకెట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఆ లైను దాటితే అందరి లెట్రిన్ ఉండాది సామీ. ఆడ నీళ్ళు రావు, దీన్ని తీసుకోని పోండి. తలుపు పట్టుకోని కూసోవాల, గొళ్ళెం లేదు. మూడోది బాగుంటాది, కడమ వాటిలోకి పోవద్దు."

పెద్దసారు నిండు బకెట్ పట్టుకుని నడిచారు. "సార్, నేను తెస్తాను సార్" అంటూ మూర్తిసారు వెంటపడ్డారు. ఆయన బకెట్ వదల్లేదు. ఆ క్షణంలో ఆయనకు లోకంలో ఉన్న ఆస్తి అదొక్కటే. రైలెక్కి పనికి పోని ముసలమ్మలందరూ గడపల్లో నిలబడ్డారు. ఒకామె అడిగింది, "ఎవురు మే ఆయప్ప?" ఇంకొకామె చెప్పింది, "బెంగళూరు పెద్దాఫీసరంట. మన లెట్రిన్ చూసేదానికి వచ్చినాడంట." "బకెట్‌తో చూస్తారా?" "నిజంగా చూసేవాళ్ళు అట్లనే చూస్తారు మే."

చాలాసేపటికి తిరిగొచ్చారు. ప్యాంటు అడుగున తడి, ముఖంలో శాంతి. మునెమ్మ గడప మీద కూర్చుని, ఇప్పుడు నీళ్ళు అడిగి తాగారు. తరవాత నా చేతిలోని మ్యాపు పరవమన్నారు.

"మూర్తిగారూ, ఇక్కడేమని రాశారు?"

"టాయిలెట్, సార్."

"నేనిప్పుడు పోయొచ్చిన చోటు?"

మూర్తిసారు మ్యాపు మీదికి వంగారు. చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది.

"పచ్చ, సారూ."

పెద్దసారు తిట్టలేదు. కిరణ్ దగ్గర పెన్ను తీసుకుని, మునెమ్మ షెడ్డు మీద 'ఇల్లు' అని, ఆ పచ్చ మీద 'లెట్రిన్, మొదట ఇక్కడ నీళ్ళు' అని ఆయనే రాసి సంతకం చేశారు. "రెండూ నేను స్వయంగా చూశాను" అన్నారు. ఆ మాట కాదనడానికి అక్కడ ఎవరికీ ధైర్యం లేదు.

మీరు తీసుకోవలసింది

నడకదారి మునెమ్మ ఇంటిని చుట్టుకుని పోయింది. లెట్రిన్‌కు నీళ్ళొచ్చాయి, తలుపులకు గొళ్ళేలు వచ్చాయి. ఆ లైన్లలో ఇండ్లు ఎవరి సొంతమన్నది ఇప్పటికీ తేలలేదు. అది మా ఆఫీసు చేతిలో లేదు, ఉన్నట్టు నేను చెప్పను. కానీ మునెమ్మ ఇల్లు మ్యాపులో ఇల్లుగా ఉంది. లేని ఇంటి కోసం కొట్లాడలేం, ఉన్న ఇంటి కోసం కొట్లాడవచ్చు.

నడకదారి దండగ అని నేను మొదటినుంచీ వాదించాను. రైలు దిగి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాళ్ళకు ఇంకా నడక ఎందుకన్నాను. ఆ సోలారు దీపాల కింద ఇప్పుడు వాళ్ళే స్టేషను నుంచి నింపాదిగా ఇంటికి వస్తున్నారు. నా మోకాళ్ళకు కూడా డాక్టరు ఆ దారే రాసిచ్చాడు. కాబట్టి ప్లాను వేసేవాళ్ళంతా తెలివిలేనివాళ్ళని నేను చెప్పడం లేదు.

నేను చెప్పేది ఇంతే. ఎక్కడ దారి గీస్తారో అక్కడ మధ్యాహ్నం కడుపునిండా తిని, ఒకసారి నడవండి. ఊరికి ఏం కావాలో ఒళ్ళే చెబుతుంది. ఫోటో చూసి రాసేటప్పుడు తలుపు వెనక పొయ్యి ఉందేమో అనుకోండి. కుంకుమ పెట్టిన చోట తడిగుడ్డ పెట్టకండి.

నేను రిటైరైన మరుసటి వారం మునెమ్మ ఇంటికి పోయాను. ఎరువు బాకీ ఇంకా ఉంది. తలుపు మీద అక్షరాలు అట్లాగే ఉన్నాయి. ఆమె వాటికి కూడా బొట్లు పెట్టింది. రంగు కొడతానని కిరణ్ వస్తే వద్దందట. తట్టాను.

"ఎవురది? ఆఫీసరా?"

"కాదు మే. ఆంజినిని."

గొళ్ళెం తీసిన చప్పుడైంది.

"అట్లయితే లోపలికి రా."